మా నాయన కారుకు బుర్ర పెట్టించిన సంగతి

మా నాయన కారు తిరుమల ఘాటు రోడ్డు ఎక్కే తీరు చూసినవాళ్ళు కాలినడకే మేలనుకునేవాళ్ళు. ఒకసారి మాతోపాటే బయలుదేరి, మెట్ల దారి పట్టిన మా మేనత్త మాకంటే ముందు పైకి చేరింది. మేము వెళ్ళేసరికి గుండు చేయించుకుని, గంధం పూసుకుని, దాన్ని ఎండలో ఆరబెట్టుకుంటూ కూర్చుంది. నేను అన్నీ పెంచి చెబుతానని మా ఇంట్లో అంటారు. పెంచుతాను. కానీ గుండు మాత్రం నిజం.

తప్పు కారుది కాదు, సెగది. కార్బురేటరు బళ్ళ రోజుల్లో కొండెక్కే ప్రతి డ్రైవరుకూ తెలిసిన విషయమే. మలుపులు ఎక్కేకొద్దీ ఇంజను కాగిపోతుంది, ఆ వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోతుంది. ఆవిరి తాగి ఏ ఇంజనూ నడవదు. దానికి ఒకటే మందు: పంపు మీద తడిగుడ్డ. కొన్ని మలుపులకోసారి బండి ఆపి, బానెట్ ఎత్తి, గుడ్డను నీళ్ళల్లో ముంచి, పిండకుండా పంపుకు చుట్టాలి, జ్వరమొచ్చిన బిడ్డ నుదుటికి వేసినట్టు. మా వైపు డ్రైవరు భుజం మీది తుండుగుడ్డ చెమట తుడుచుకోవడానికని బయటి ఊళ్ళవాళ్ళు అనుకునేవాళ్ళు.

మా నాయన చిత్తూరు బెల్లం మండీలో వ్యాపారి. ఆ కారు డిక్కీలో ఎంత బెల్లం తిరిగిందంటే, అందులో చీమలు తరతరాలుగా కాపురముండేవి. ముసలి చీమలకు చిత్తూరు దారి నాకంటే బాగా తెలుసు. ఆ కారు విషయంలో ఆయన అన్ని పనులూ ఎవరికైనా అప్పగించేవాడు గానీ, తడిగుడ్డ వేసే పని మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. గళ్ళ తుండుగుడ్డ ఒకటి, రాగి చెంబు ఒకటి ఎప్పుడూ సీటు కింద ఉండేవి. ఆయన గుడ్డ చుడుతుంటే మేం పిల్లలం పిట్టగోడ మీద కూర్చుని పులిహోర తినేవాళ్ళం. ఇంజను చల్లారే దాకా ఆయన లోయ చూపిస్తూ కథలు చెప్పేవాడు. మండీలో నోరు విప్పితే బేరం తప్ప మాట రాని మనిషి అక్కడ మాత్రం మాట్లాడేవాడు.

నేను పెద్దవాణ్ణయి, టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి, టైపు మిషన్లను మూలకు తోసి వాటి చోట కంప్యూటర్లు తెచ్చే నాటికి కొండ మీదికి కొత్త రకం కార్లు సర్రున పోతున్నాయి. ఒక ఎండాకాలం మా బండి సరిగ్గా మలుపు మధ్యలో ఆగిపోయింది. వెనక బస్సులు నిలబడ్డాయి. ఆ వరస తోక రేణిగుంటలో ఉందని నా అంచనా. ఒక బస్సు డ్రైవరు దిగొచ్చి మా నాయనతో మర్యాదగానే అన్నాడు.

"పెద్దాయనా, తోసేదానికి మా బస్సులో మనుషులుండారు. దించమంటావా, ల్యాకపోతే దీన్నే బస్సులోకి ఎక్కించుకునేదా?"

 మా నాయన ఇంటికొచ్చి, రేణిగుంటలో పాత ఇనుము కొనే అతనికి కబురు పెట్టాడు, వచ్చి కారును కోసుకుపొమ్మని. నా గుండె ఇంజనుకంటే ముందు ఆగింది. నేను మొదటిసారి స్టీరింగు పట్టింది ఆ కారులోనే, మా నాయన ఒళ్ళో కూర్చుని. అయితే అప్పుడు మూఢం నడుస్తోంది. మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, ఇల్లు మారరు. మా నాయన లెక్కలో పాత ఇనుమును కూడా ఇల్లు దాటించరు. మూఢం పోయిన మర్నాడు రమ్మన్నాడు.

నేను బతిమాలితే ఒక వెసులుబాటు ఇచ్చాడు.

"మూఢం పొయ్యేలోగా యాడా ఆగకుండా కొండెక్కించు. ఎక్కిందా, పెట్టుకో. ఒక్క తూరి ఆగిందా, రేణిగుంటే."

నాకు పదో తరగతి దాకా చదువులోనూ ఆ తర్వాత కాఫీ టీలలోనూ తోడైన స్నేహితుడు ఒకడున్నాడు. రేణిగుంట రోడ్డు మీద వాడికి కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. వాడి నోట్లో 'కాదు' అనే మాట నేను ఈనాటి దాకా వినలేదు.

"కార్బురేటరే ల్యాకుండా చేస్తే సరిపాయె," అన్నాడు. "కొత్త కార్ల మాదిరి ఇంజెక్షన్ పెడతాం. ఏర్పేడు కాడ పల్టీ కొట్టిన కారొకటి నా షెడ్డులో ఉండాది. దానికి పైకప్పు ల్యా. కడమదంతా కొత్తపెళ్ళికూతురు మాదిరి ఉండాది."

"మన ముసలి ఇంజనుకు అది సరిపోతుందా?"

"సరిపోకుంటే సరిపెడతాం. గమ్మున సూస్తా ఉండు."

కార్బురేటరులో ఇంజను పీల్చే గాలితోపాటు పెట్రోలు దానంతటది కొట్టుకుపోతుంది, ఎంత పోతోందో అడిగే దిక్కుండదు. ఇంజెక్షన్‌లో అలా కాదు. సిలిండరుకొక నాజిల్ ఉంటుంది. ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఒక కంప్యూటరు పెట్టె చెబుతుంది. పంపు ట్యాంకులోనే మునిగి కూర్చుని గట్టి ఒత్తిడితో తోస్తుంది కాబట్టి ఆవిరి పప్పులు ఉడకవు. కంప్యూటరు అనగానే ఆ విభాగానికి నన్ను నేనే అధిపతిగా నియమించుకున్నాను. పెట్టె మూత తీసి చూస్తే మా ఇన్‌స్టిట్యూట్‌లోని కంప్యూటరుకు మేనల్లుడిలా ఉంది. కుశలం అడిగి మూసేశాను. నా సాంకేతిక సహకారం అంతటితో పూర్తయింది.

మిగిలిందంతా వాడు చేశాడు. ఇంజనుకు గాలి వెళ్ళే గొట్టాలకు లేతు షాపులో బెజ్జాలు పెట్టించి, నాజిళ్ళు కూర్చోవడానికి చిన్న గూళ్ళు వెల్డింగ్ చేయించాడు. ఇంజను ఎంతవరకు తిరిగిందో పెట్టెకు తెలియాలి గనుక, ముందరి పుల్లీకి ఒక పళ్ళ చక్రం బిగించాడు. పల్టీ కొట్టిన కారులోంచి ఊడదీసిన వైర్ల కట్ట విప్పితే, ఒక కొస షెడ్డులో ఉండగా రెండో కొస నగరి చేరి మగ్గాల్లో చిక్కుకుని చీరగా నేయబడిందని చెబితే మీరు నమ్మరు. నమ్మకండి. కానీ చాలా పొడుగ్గా ఉంది.

ఒక్కచోట చిక్కొచ్చింది. ఇంజను వేడెక్కిందో లేదో పెట్టెకు చెప్పే బుడిపె ఒకటుంది, బొటనవేలంత. కొత్త ఇంజన్లలో అది నేరుగా నీళ్ళల్లో మునిగి ఉంటుంది. మా ఇంజనుకు దాన్ని దూర్చే చోటు లేదు. బెజ్జం పెడితే ముసలి ఇనుము పగులుతుందని వాడి భయం. అందుకని వేడినీళ్ళు రేడియేటరుకు పోయే దారి మీది ఇనుప టోపీకి, బయటి నుంచే, రాగి పట్టీతో దాన్ని గట్టిగా అదిమి బిగించాడు.

"నీళ్ళు తగలకపోతే ఏమి? ఇనుం కాలేది తగలతాది గదా," అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

మొదటిసారి తాళం తిప్పినప్పుడు ఇంజను నాలుగుసార్లు దగ్గి, ఆ తర్వాత అలవాటైన గొణుగుడు మాని, కుట్టుమిషన్‌లా సన్నగా పాడడం మొదలుపెట్టింది. చీమలు బయటికొచ్చి ఇది మన కారేనా అని చూసుకున్నాయి.

మా ఆవిడ వచ్చి ఇంజను మీద బొట్టు పెట్టి, "ఇన్నాళ్ళూ తోసి తోసి నా నడుం పోయింది. ఇంజెక్షన్ నాకు వేయించాల్సింది, దీనికి వేయించినారు," అంది.

మా నాయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. బానెట్ కింద చాలాసేపు వెతికాడు.

"పంపు యాడుండాది?"

"ట్యాంకులో, నాయనా."

"మరి తడిగుడ్డ యాడ చుట్టేది?"

"దీనికి గుడ్డ అక్కర్లేదు."

ఆయన నా వైపు చూసిన చూపు, అన్నం అక్కర్లేదన్న పిల్లవాణ్ణి చూసినట్టుంది.

మూఢం పోవడానికి ముందటి ఆదివారం బయలుదేరాం. నేను స్టీరింగు దగ్గర, పక్కన మా నాయన, వెనక మా ఆవిడా స్నేహితుడూ, వాళ్ళ మధ్య పులిహోర గిన్నె. అలిపిరి తనిఖీ దగ్గర అందరం దిగి, సంచులు పట్టుకుని వరసలో నడిచాం. బానెట్ ఎత్తి చూపించడానికి మా నాయన కారు దగ్గర ఉండిపోయాడు.

తర్వాత ఎక్కడం మొదలైంది. మొదటి మలుపులు నేను తిప్పలేదు, అవే తిరిగాయి. ఒక కొత్త కారును దాటాను. అందులోని మనిషి మా బండిని చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అప్పుడు వెనకనుంచి మా ఆవిడ అంది, "ఏమబ్బా, ఎనకాల దోవ కనపడ్లా."

అద్దంలో చూస్తే కొండంతా నల్లటి పొగ. పెట్రోలు వాసన ముక్కు పగలగొడుతోంది. ఇంజను ఉక్కిరిబిక్కిరై, రెండు గెంతులు గెంతి, రోడ్డు పక్కన ఆగిపోయింది.

"ఆగింది," అన్నాడు మా నాయన. అంతే అన్నాడు. ఆ ఒక్క మాటలో నాకు రేణిగుంట రంపం చప్పుడు వినిపించింది.

నా స్నేహితుడు దిగి బానెట్ ఎత్తాడు. ఎత్తి, నన్ను రమ్మని చెయ్యి ఊపాడు.  వెళ్ళి చూస్తే, వేడినీళ్ళ దారి మీది ఇనుప టోపీకి, రాగి పట్టీతో సహా, నాలుగు మడతలు వేసిన గళ్ళ తుండుగుడ్డ చుట్టి ఉంది. ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ఎవురు చుట్టింది?" అన్నాడు వాడు, తెలిసి కూడా.

"నేనే," అన్నాడు మా నాయన. "పంపు కనపళ్ళా. జాస్తి కాలేది యాడో చెయ్యి పెట్టి సూసినా. ఆడ చుట్టినా. గుడ్డ ల్యాకుండా కొండ ఎట్లెక్కేది?"

"పెద్దాయనా, ఆ గుడ్డ కిందుండేదే పెట్టెకు వేడి చెప్పేది. నువ్వు దాన్ని చల్లబెట్టినావు. ఇంజనింకా నిద్ర లేయలేదు, చలికి వణకతాండాది అనుకోని ఆ పెట్టె పెట్రోలు పోసింది, పోసింది, పోస్తానే ఉండాది."

మా నాయన వంగి గుడ్డ కొస ఎత్తి చూశాడు.

"అంటే చోకు లాగిపెట్టుకోని కొండెక్కినామా?"

"అదే, పెద్దాయనా. సరిగ్గా అదే."

చోకు అనే మాట ఆయన లోకంలోది. చలి పొద్దున బండి లేపడానికి చోకు లాగడం, వేడెక్కాక దాన్ని లోపలికి తొయ్యడం ఆయన జీవితమంతా చేశాడు. గుడ్డ విప్పి, పిండి, భుజాన వేసుకున్నాడు. నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తాడు.

"మండీలో బేరమాడే మనిషి చెయ్యి తగిలి బెల్లం తడిస్తే, ఆ తడికి ధర తగ్గించేది ల్యా. ఆ తడి వానిదే. ఈ ఆగింది నాది, బండిది కాదు. మళ్ళా అలిపిరి నుంచి ఎక్కు."

ఘాటు రోడ్డు తెలిసినవాళ్ళకు ఈ తీర్పులోని కష్టం అర్థమవుతుంది. ఎక్కే దారిలో వెనక్కి తిరగడానికి లేదు. పైదాకా వెళ్ళి, దిగే దారిలో దిగి, కింద మళ్ళీ వరసలో నిలబడి, మొదటినుంచీ ఎక్కాలి. ఇంజనులో నిండిన పెట్రోలు ఆరేదాకా ఆగి, అలాగే చేశాం. అలిపిరి తనిఖీ అతను మమ్మల్ని రెండోసారి చూసి, "దర్శనం అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. "ఇంగా దేవుని కాడికి పోలేదప్పా, బండికి పరీక్ష జరగతాండాది," అన్నాడు మా నాయన.

రెండోసారి ఆ కారు ఎలా ఎక్కిందో వర్ణించడానికి ఉన్న భాష చాలదు. పొగ లేదు, దగ్గు లేదు. మా వేగానికి రోడ్డు పక్క కోతులు ముందుగానే దారిచ్చాయి. మా నాయన ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు మేం ఆగిన ప్రతి మలుపు దగ్గరా తల తిప్పి చూశాడు. ఏ మలుపూ ఆగలేదు. పైన కారు ఆపాక కూడా ఆయన దిగలేదు.

"ఏమిరా, అప్పుడే వచ్చేస్తిమే. పులిహోర యాడ తినేది?"

"ఈడనే తిందాం మామా," అంది మా ఆవిడ. కారు నీడలో కూర్చుని తిన్నాం. ఆయన ఏ కథా చెప్పలేదు. చల్లార్చడానికి ఏమీ లేదు కదా. అయితే లేచే ముందు బానెట్ ఎత్తి, ఇనుప టోపీ పక్కన వేలు పెట్టి, "ఇట్లనే కాలతా ఉండల్ల," అని దానికే చెప్పాడు.

మూఢం పోయింది. మర్నాడే పాత ఇనుము అతను రంపంతో సహా వచ్చాడు. కారు ఇచ్చేది లేదని మా నాయన చెప్పాడు. వచ్చిన మనిషిని ఊరికే పంపడం మర్యాద కాదని నేను మూలన పడి ఉన్న కార్బురేటరు తెచ్చి చేతిలో పెట్టాను. అతను వీధి చివరికి చేరాడో లేదో మా నాయన కేకేసి వెనక్కి పిలిచాడు. కార్బురేటరు తీసుకుని, భుజం మీది గళ్ళ తుండుగుడ్డలో చుట్టి, డిక్కీలో చీమల మధ్య పెట్టాడు.

"అదెందుకు నాయనా ఇంకా?"

"దావలో నీ కంప్యూటరుకు ఏమన్నా అయితేనో?" అన్నాడు. చెంబు తెచ్చి సీటు కింద పెట్టాడు.