మొగిలి నోరు తెరిచిన వేళ

కమాన్‌పూర్ హర్షిణి పెద్దలకు ఎదురు చెప్పదు. అసత్యాన్ని మాత్రం సహించదు. తండ్రి సదయ్య బొగ్గుబాయి కార్మికుడు. ఆమె దంతవైద్య కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్నది.

ఆ కళాశాలలో విద్యార్థుల పురోగతిని కంప్యూటరు గమనిస్తుంది. వెనుకబడినవారి పేర్లను ఎర్రగా చూపి, సలహాదారుగా నియమితుడైన అధ్యాపకుణ్ణి హెచ్చరిస్తుంది. విద్యార్థిని పిలిచి, మాట్లాడి, నిర్ణయించవలసినవాడు ఆయనే. ఈసారి హర్షిణి పేరు ఎర్రబడింది: చికిత్స అసంపూర్ణం, పరీక్షకు అనర్హురాలు.

కారణం ఆమెకు తెలుసు. మొగిలి అనే కార్మికుని పంటి వేరుకు చికిత్స కోసం కంప్యూటరు ప్రతి సోమవారం ఉదయమే సమయమిచ్చింది. బాయిలో షిఫ్టు వారం వారం మారుతుంది. ఉదయపు మొదటి షిఫ్టు పడిన వారం, ఆ సమయానికి మొగిలి భూగర్భంలో ఉన్నాడు. రోగి రాలేదని కేసు మూతపడింది. డ్యూటీ దిగి మధ్యాహ్నాలు వచ్చిన అతనికి, విభాగపు అధ్యాపకురాలు శోభ సమక్షంలోనే హర్షిణి పని పూర్తిచేసింది. మూసిన కేసులో అది నమోదు కాలేదు.

రాత్రి షిఫ్టు ముగించిన మొగిలిని వెంటబెట్టుకొని ఆమె సలహాదారు డాక్టర్ వామనరావు గదికి వెళ్ళింది.

"సార్, పని అయిపోయింది. జర చూడుండ్రి."

మొగిలి నిలబడే నోరు తెరిచాడు. కనురెప్పల మీద ఇంకా బొగ్గుపొడి ఉంది. దంతవైద్యుడైన వామనరావు మాత్రం తెరనే చూస్తున్నాడు.

"సిస్టంలో కాలేదని ఉందమ్మా. నేనేం చేయను?"

"దవడ నొస్తున్నది సారూ," అన్నాడు మొగిలి. "మూసుకోవాల్నా, గిట్లనే ఉండాల్నా? బాయిల గింతసేపు నోరు తెరిస్తే బొగ్గు నిండుతది."

హర్షిణి చూపు తెరపై పడింది. తన పేరు కింద కంప్యూటరు వేసిన ప్రశ్న: విద్యార్థితో మాట్లాడారా? ఎదురుగా సలహాదారు పెట్టిన జవాబు, అవును. సలహాదారు అభిప్రాయం రాయవలసిన చోటు ఖాళీ.

"నాతోటి ఎప్పుడు మాట్లాడిన్రు సార్?"

వామనరావు తెరను తనవైపు తిప్పుకోబోయాడు.

"మాట్లాడిన్రా అని మిషిని అడిగింది సార్. దానికి సుత అబద్ధమే చెప్పిన్రా? నా ఏడాది పోతది గద!"

యంత్రం సైతం గురుస్థానాన్ని గురువుకే విడిచిపెట్టింది. గురువే ఆ స్థానంలో లేడు.

"కూర్చోమ్మా," అన్నాడు వామనరావు చివరికి.

"ముందుగాల మొగిలి కాకను కూసోబెట్టుండ్రి. నైటు చేసి వచ్చిండు."

ఆయన చేతితొడుగులు వేసుకొని, అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఫోనులో శోభను అడిగాడు. ఖాళీగా ఉన్న చోట రాశాడు: చికిత్స పూర్తి, పరీక్షకు అర్హురాలు. ఎరుపు తొలగింది.

హర్షిణి దండం పెట్టలేదు. తన పేరు కింద ఇంకా ఎర్రని పేర్లున్నాయి. ప్రతి పేరు ఎదుటా అదే 'అవును'.

"వీళ్ళతోటి ఎప్పుడు మాట్లాడుతరు సార్?"