మాచర్ల కోళ్లగంప కోసం

ఉదయం ఆరున్నరకు గుంటూరులో మాచర్ల బండి ఎక్కాను. పనల్లా ఒక కోళ్లగంప. నవ్వకండి. నేను రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. రాగి కలిసిన ఒక పదార్థాన్ని కొలిమిలో తయారుచేసి, మూడేళ్లుగా దానితో కుస్తీ పడుతున్నాను. అందులో ప్రతి రాగి పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. చల్లబరిస్తే ప్రతిదీ పక్కదానికి ఎదురు తిరిగి, అన్నీ ఒక వరుసకు రావాలి. నాది ఎంత చల్లబరిచినా రాలేదు.

"మలినముంది. సోమవారంలోగా తేల్చు, లేదా వదిలెయ్" అన్నారు మా ప్రొఫెసరుగారు. పరమాణువుల అమరిక గీసి చూస్తే అచ్చం మా అమ్మమ్మగారి ఊళ్లో అల్లే కోళ్లగంప. తప్పెక్కడుందో ఆ గంప మీదే వెతుకుదామని బయలుదేరాను.

నరసరావుపేటలో ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, అక్కడే తినేయండి. కిటికీ పక్కన మాత్రం కూర్చోకండి, కళ్లనిండా బొగ్గు నలుసులే. సాగర్ డ్యాం పనికి వెళుతున్న మేస్త్రీ ఒకాయన నా సంగతి విని, "గంప కోసం ఇంత దూరమా? గుంటూర్లో కోళ్లు లేవా ఏంది?" అన్నాడు.

పన్నెండు దాటాక మాచర్లలో దిగాను. అమ్మమ్మగారి వీధిలోనే మేదరి సుబ్బమ్మ ఇల్లు. ముందు సంగటి పెట్టి, తిన్నాకే వెదురు బద్దలు ముట్టింది. మూడు వైపుల నుంచి బద్దలు దాటించి, గంటన్నరలో గంప తేల్చింది. ప్రతి ఆరు మూలల కన్ను చుట్టూ చిన్న చిన్న ముక్కోణాలు.

"పెద్దమ్మా, బద్దలు కలిసినచోటల్లా ఎర్రదారమో తెల్లదారమో కట్టు. పక్కపక్కన ఒకే రంగు రాకూడదు" అన్నాను. నా లెక్కలో ముడంటే రాగి పరమాణువు, రంగంటే అది తిరిగిన దిక్కు.

రెండు ముళ్లు వేసి మూడోదాని దగ్గర ఆగింది. విప్పింది, మళ్లీ కట్టింది. చివరికి నా మొహం చూసి పకపకా నవ్వింది.

"ఎట్టా కుదురుద్ది అబ్బాయ్? మా ఊళ్లో ఉండేది రెండే పార్టీలు. ఒకరంటే ఒకరికి గిట్టని ముగ్గురుంటే, ఇద్దరు ఒకే పార్టీలో పడి చావాల్సిందేగా! ఈ ముడి మారిస్తే గొడవ పక్కకి పోద్ది, తీరదు. చానా రకాలుగా కట్టొచ్చు, అన్నీ ఒకటే."

"అయితే గంపలో తప్పుందా?"

"నా గంపకేంది తప్పు? నువ్వడిగిందే తప్పు!"

కొలిమిని, రాగిని, నా చేతులను తిట్టుకున్నానే గాని, ఆ అమరికలో ప్రతిదీ పక్కవాటన్నిటికీ ఎదురు తిరగడం సాధ్యమేనా అని ఒక్కనాడూ అడగలేదు. ఆమె కాళ్లకు దండం పెడితే, "లెగు లెగు, పిచ్చోడా" అంది.

సాయంత్రం బండిలో గంపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సోమవారం ఏం చెప్పాలో తెలిసింది: నా పదార్థంలో మలినం లేదు, కుదుటపడకపోవడమే దాని స్వభావం. ఆ మాట నెమ్మదిగా పైకే అన్నాను. మూడేళ్లలో మొదటిసారి నేను చేసిన పదార్థం మీద నాకు ప్రేమ కలిగింది. సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీ ఆ బండిలోనే రాసేశాను. ప్రొఫెసరుగారి పేరు రెండోది.