నూనె మిల్లు గౌసుకు పడని శెనక్కాయ

వేరుశనగ కాయల లారీ ఎదురొస్తే చాలు, మా పక్కింటి గౌస్ మొహిద్దీన్‌కు ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. ప్రొద్దుటూరులో నిలబడితే దువ్వూరు దాకా ఎర్రగా కనిపించేవాడు. సరే, దువ్వూరు దాకా అన్నది కొంచెం ఎక్కువే. వీధి చివరి దాకా అనుకోండి. ఆ దద్దుర్లు కూడా నేను కళ్లారా చూడలేదు, ఆయన చెప్పగా విన్నాను. కానీ ఆయనకు వేరుశనగ నూనె మిల్లు ఉందన్నది మాత్రం అక్షరాలా నిజం.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ కాయల మధ్యే బతికిన మనిషికి హఠాత్తుగా ఈ జబ్బు పట్టుకుంది. ఇక ఏ పెళ్లికి వెళ్లినా ముందు వంటశాలలోనే తేలేవాడు.

"గుత్తొంకాయలోకి ఏమేస్తాండావు?"

"శెనక్కాయల పొడి భాయ్. అది లేకుంటే గుత్తొంకాయ ఎట్లయితాది?" అనేవాడు వంటమేస్త్రీ కమాల్ బాషా.

"నాకు పడదు. కొబ్బరేసి చెయ్. నూనె గూడా మార్చు, పొద్దుతిరుగుడుది పొయ్."

"ఇది నీ మిల్లు నూనే గదా భాయ్!"

"అందుకే చెప్తాండా. శానా చెడ్డ నూనె అది."

సొంత సరుకును ఇంత శ్రద్ధగా తిట్టుకునే వ్యాపారిని నేనెక్కడా చూడలేదు. ఆ మాట నమ్మి కొందరు నిజంగానే ఆయన దగ్గర నూనె కొనడం మానేశారు.

అసలే మా ఇంట్లో మా బాధ మాకుంది. మా మనవరాలు హన్వికకు ఏడాదిన్నరప్పుడు ఎవరో ముద్దుకొద్దీ వేరుశనగ ఉండ ముక్క నోట్లో పెట్టారు. కాసేపటికే పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు తేలాయి, పిల్లకు ఊపిరాడలేదు. ఆసుపత్రికి పరుగెత్తాం. మళ్లీ తింటే ప్రాణం మీదికి రావచ్చని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా కోడలు హేమలత కనిపించిన వాళ్లందరికీ ఆ మాటే చెప్పి బతిమాలుకునేది. వింటేనా? మా ఆవిడ భారతమ్మే మొదలు.

"శెనక్కాయలు పడకపోవడమేందిమ్మే! మన సీమలో పుట్టి! రోంత రోంత పెడితే అదే అలవాటైతాది."

దాంతో హేమలత పిల్లను తీసుకుని గడప దాటడం మానేసింది. నలుగురిలోకి వెళ్లాలంటే ఏ చేయి ఏం పెడుతుందోనని భయం. చివరికి జమ్మలమడుగులో మా బంధువుల పెళ్లికి ఒక షరతు మీద ఒప్పుకుంది.

"గౌసు మామ వస్తే నేనూ వస్తా మామా."

ఆ పెళ్లిలో గౌసు గిన్నెలూ గరిటెలూ మళ్లీ కడిగించాడు. కమాల్ బాషా తిట్టుకుంటూనే కడిగించాడు. పిల్ల కడుపునిండా తింది. పక్కింటివాడి రోగం మాకు భలే కలిసొచ్చిందని సంతోషించాను. తెలివైనవాణ్ణని నాకు పేరుంది లెండి.

మొన్న పులివెందులలో పని చూసుకుని సింహాద్రిపురం మీదుగా వస్తున్నాను. ఒక రైతు కళ్లంలో, కాయల కుప్ప మీద గౌసు. పిడికెడు వొలవడం, నోట్లో వేసుకోవడం, నమలడం, మళ్లీ పిడికెడు.

"గౌసూ! ఉమ్మెయ్! చస్తావు!"

ఆయన నిదానంగా మింగాడు. "నమిలి చూడకుండా సరుకెట్ల కొనేది మామా?"

"మరి దద్దుర్లు?"

"అవి పెండ్లిండ్లలోనే వస్తాయి."

నేను వదల్లేదు. చివరికి విసుక్కున్నాడు. "నీ కోడలు ఏడ్చి చెప్పినా ఎవురన్నా విన్యారా? రోంత తింటే ఏం కాదులే అన్యారు. అదే మీసమున్నోడు నాకు పడదంటే గరిటెతో సహా కడుగుతాండారు. పసిబిడ్డ ప్రాణానికి లేని మర్యాద నా మీసానికుంది. వాడుకుంటాండా. నీకేంది నొప్పి?"

మిల్లు నుంచి వచ్చాక స్నానం చేసి, బట్టలు మార్చుకుంటే గానీ ఆయన మా పిల్లను ఎత్తుకోడు. అన్నాళ్లూ నేను దాన్ని నమాజు కోసం చేసే భక్తి అనుకున్నాను.

ఇదంతా రాసి నిన్న ఆయనకే చదివి వినిపించాను.

"అంతా అబద్ధం," అన్నాడు గౌసు. "నేను సింహాద్రిపురమే పోలేదు. శెనక్కాయ నా నోట్లో పెట్టిందే లేదు. ఈ పిల్ల ఎవురో గూడా నాకు తెల్దు." అంటూ, మెడ మీదెక్కి కూర్చున్న హన్విక జారిపోకుండా రెండు కాళ్లూ గట్టిగా పట్టుకున్నాడు.