విశ్వాసంతో తెచ్చిన ఉయ్యాల

నిలువుగా నిలబెడితే తప్ప ఆ ఉయ్యాల మా లిఫ్టులో పట్టలేదు. దాని వెనకాల మా చర్చి సెల్ గ్రూపు ఆడవాళ్ళు, ముందు ఆంటీ. మా ప్రార్థనా కూటానికి ఆవిడే పెద్ద. కరీంనగర్ వైపు మనిషి, గవర్నమెంటు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూటం జరుగుతుంది. ఆ వారం వంతు కోకాపేటలోని మా ఫ్లాట్‌ది.

"విశ్వాసంతోని తెచ్చిన బిడ్డా," అన్నారు ఆంటీ, చెప్పులు విప్పుతూనే. "మీ ఖాళీ రూముల పెట్టు. వచ్చే ఏడు ఈ పాటికి ఇండ్ల పిల్లల ఏడుపు వినపడాలె. జర నమ్ము. దేవునికి కానిదేమున్నది?"

నవ్వాను. టీ పెట్టాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోతోంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. కానీ మన మంచి కోరి మోకరించినవాళ్ళ మీద ఎలా అరుస్తాం చెప్పండి? ఆ ఖాళీ గదిలో ఉయ్యాల పెట్టి, నన్ను దాని పక్కన నిలబెట్టి, నుదుట నూనె రాసి, అందరూ నా తల మీద చేతులుంచారు. "ప్రభువా, ఈ బిడ్డ గర్భం తెరువు. వీళ్ళకు తొలిచూలు దయచెయ్యి" అని ఏడ్చి మరీ అడిగారు.

తొలిచూలట! నా తొలిచూలు వచ్చి వెళ్ళిపోయింది. అది ఈ కూటంలో ఎవరికీ తెలియదు.

అప్పట్లో మేం బాలానగర్‌లో కిరాయికుండేవాళ్ళం. ఏడో నెలలో, హైటెక్ సిటీలో ఆఫీసు డెస్కు దగ్గరే నొప్పులు మొదలయ్యాయి. క్యాబ్‌లో నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. మర్నాడు ఆడపిల్ల పుట్టింది. పొద్దున పుట్టిన బిడ్డ సాయంత్రం దాకా అద్దాల పెట్టెలో ఉంది. నాకేమో బీపీ పెరిగి స్పృహ లేదు. కళ్ళు తెరిచేసరికి మా ఆయనా మా బావగారూ బిడ్డను చర్చి సమాధుల తోటలో పెట్టి వచ్చేశారు కూడా. నేను చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

"పురిట్ల పోయిన పిల్ల లెక్కకు రాదమ్మా, మనసుల పెట్టుకోకు," అంది మా అత్తగారు నా తల నిమురుతూ. ప్రేమతోనే అంది పాపం. మా ఆయన ఆ మాట కూడా అనలేదు. ఆ రోజు గురించి ఆయన నోరు విప్పలేదు, నేనూ అడగలేదు. ఇల్లు మారాం, చర్చి మారాం. కొత్తవాళ్ళకు మేం పిల్లల్లేని జంట, అంతే.

చూసిన బిడ్డయితే ఒక ముఖంతో గుర్తొస్తుంది. మా పాప ముఖం నాకు తెలియదు కాబట్టి ఎవరి ముఖం పెట్టుకునైనా వచ్చేది. ఆఫీసు కింద క్రెష్ ఉంది. మధ్యాహ్నం పిల్లల్ని వరసగా నడిపించి తీసుకెళ్తుంటే ఇదేనేమో, అదేనేమో అని ఒక్కొక్కరినీ చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఏటా దానికి వయసు పెంచేదాన్ని నేనే. జడ వేసేదాన్ని నేనే.

ఉయ్యాల వచ్చాక పాప ఇంట్లోకే వచ్చింది. మా అంతస్తులో గాలి ఎక్కువ. ఆ గది కిటికీ అద్దం కాస్త సందిస్తే చాలు, ఈల వేస్తుంది. గాలి తగిలినప్పుడల్లా ఉయ్యాల గొలుసులు కిర్రు కిర్రుమనేవి. గాలేనని నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని, కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మి జీతం తీసుకునేదాన్ని. కిటికీ మూస్తే చప్పుడు ఆగిపోతుంది. అయినా మూయలేదు.

ఒక మధ్యాహ్నం ఇంటి నుంచే మీటింగులో ఉన్నాను. "మేడమ్, మీ వైపు నుంచి ఏదో చప్పుడొస్తోంది," అన్నాడు అవతల టీమ్ అబ్బాయి.

"మా పాప లేచినట్టుందండీ, ఒక్క నిమిషం," అన్నాను.

మైక్ ఆపి, లేచి, ఆ గదిలోకి వెళ్ళి, ఉయ్యాల మీద చెయ్యి వేసి ఆపాను. జో కొట్టాను కూడా. తిరిగొచ్చి కూర్చుంటే ఆ అబ్బాయి, "పాపకి ఎంత వయసు మేడమ్?" అన్నాడు.

"మూడు దాటింది."

"స్కూల్లో వేశారా? బాచుపల్లిలో మంచివి ఉన్నాయి మేడమ్."

"చూస్తున్నామండీ," అన్నాను.

హాల్లో డైనింగ్ టేబుల్ దగ్గర పనిచేసుకుంటున్న మా ఆయన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. అంతా విన్నాడు. నా వైపు చూసి, "అన్నం తిందామా?" అన్నాడు. ఇద్దరం తిన్నాం.

అబద్ధం ఆడుతున్నంతసేపూ ఎంత హాయిగా ఉందో, ఆ తర్వాత అంత భయమేసింది. ఇలాగే సాగితే పిచ్చిదాన్నయిపోతాను తల్లీ అనుకున్నాను. ఆ గదిలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. బిడ్డనివ్వు ప్రభువా అని అడగడానికి నోరు రాలేదు. ఆలోచిస్తే సిగ్గేసింది. కారు కొంటే కృతజ్ఞత కూటం పెట్టాం. ఆయనకు ప్రమోషనొస్తే పెట్టాం. ఈ ఫ్లాట్‌లో పాలు పొంగిన రోజున ఇచ్చిన దేవునికి స్తోత్రమని చప్పట్లు కొట్టి పాడాం. ఒక పగలంతా మా చేతికిచ్చిన మనిషి ఉందే, దానికి మాత్రం దేవుడికి ఒక్క వందనం కూడా చెప్పలేదు. ఇంకా ఇవ్వు, ఇంకా ఇవ్వు అని చెయ్యి చాపుతూనే ఉన్నాం.

ఆ యేడు పాప పుట్టినరోజు శుక్రవారం పడింది. "ఏవండీ, ఆ రోజు మనింట్లో కృతజ్ఞత కూటం పెడుతున్నాను, పాప కోసం," అన్నాను. ఆయన తలూపాడు. ఆంటీకి ఫోన్ చేస్తే, "స్తోత్రం! నాకు ఎరుకే బిడ్డా, విశ్వాసం వట్టిగ పోదు!" అని ఫోన్లోనే ఏడ్చేశారు. నేను దిద్దలేదు. అందరూ స్వీట్ల డబ్బాతో దిగారు. ఒకావిడైతే వచ్చీ రాగానే నా పొట్ట వైపు చూసింది.

పాటలయ్యాక లేచి నిలబడ్డాను. మెల్లగా చెబుదామనుకున్నాను, గట్టిగా వచ్చింది.

"ఇవాళ మా పాప పుట్టినరోజండీ. పొద్దున పుట్టి సాయంత్రం పోయింది. మీరు తొలిచూలు ఇమ్మని అడుగుతున్నారు. మాకు ఇచ్చాడు ఆంటీ! ఇచ్చినందుకు వందనాలు చెప్పండి చాలు. ఇవాళ ఇంకేమీ అడగొద్దు."

స్వీట్లు పంచబోతున్నావిడ డబ్బా మూత పెట్టేసింది. ఆంటీ ముఖం ఒక్కసారిగా పదేళ్ళు మీదపడ్డట్టు వాడిపోయింది.

"ముందుగాల చెప్పకపోతివి బిడ్డా. ఉయ్యాల తెచ్చి పుండు మీద కారం జల్లిన కదా నేను."

"మీకు తెలియదు కదండీ," అన్నాను. ఆవిడ మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు.

ఆంటీ కళ్ళు తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఏం పేరు పెట్టిండ్రు బిడ్డకు? పేరు చెప్పు, పేరుతోటి వందనాలు చెప్త."

పెట్టలేదండీ అని చెప్పాలి. మా బిడ్డకు పేరే లేదని ఇంతమందిలో ఎలా చెప్పను?

గోడ దగ్గర నిలబడ్డ మా ఆయన ఒక పేరు చెప్పాడు.

ఆయన వైపు తిరిగాను. ఆయన నేల చూపులు చూస్తూ అన్నాడు: "అద్దాల పెట్టెల చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన. పేరు లేకుంటే ఎవరి కోసమని అడుగుత? అందుకే పెట్టిన. నా వేలు పట్టుకున్నది. అచ్చం నీ ముక్కే. నీకు చెప్తే తట్టుకోవని ఊకున్న. రోజూ ప్రార్థనల ఆ పేరు తీస్తనే ఉన్న."

ఇన్నేళ్ళూ నాకు చెప్పకుండా ఒక్కడే మోశాడు. కోపం రావాలి నాకు. రాలేదు. ఆ పేరు ఇక్కడ రాయను, అది మా ఇంటిది. ఆంటీ కళ్ళు మూసుకుని, ఆ పేరు పలికి, ఈ బిడ్డను ఇచ్చినందుకు నీకు వందనాలయ్యా అన్నారు. ఇంకేమీ అడగలేదు. ఆమేన్ అని అందరికంటే గట్టిగా అన్నది నేనే.