బందునాడు చేసిన పని

ఆ రోజుల్లో కలకత్తాలో బందు అంటే పండగకి తక్కువ, ఆదివారానికి ఎక్కువ. ట్రాములు షెడ్డుల్లో పడుకునేవి, పిల్లలు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడేవారు, ఉద్యోగం ఖాయం కాని నాలాంటివాళ్ళు ఇంట్లో గోళ్ళు కొరుక్కునేవారు. వాట్‌గంజ్‌లో మా ఇంటికి నడక దూరంలో, ఓడల సరుకు విడిపించే ఓ చిన్న ఆఫీసులో నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి అప్పటికి రెండు నెలలు. (కంప్యూటర్లో లినక్సు. కొనక్కర్లేదని మా యజమానికి దాని మీద అంత ప్రేమ.) ఓడ కాగితాలు బందు మర్నాటి సాయంత్రానికి అందకపోతే నాకు ఉద్వాసనే. అందుకని బందునాడే బయల్దేరాను.

మా అయ్య ఓడల డాకులో సరుకు మోసే కళాసీ, యూనియన్ మనిషి. దేవుడికి దణ్ణం పెట్టడు, సూపర్‌వైజరుకి అసలే పెట్టడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "బందునాడు పనికెల్తావేట్రా? ఎల్లు. బందునాడు సేసిన పని నిలబడదు, సూసుకో!" నేను వినిపించుకోలేదు. దర్వాను ఆఫీసు తాళం తీశాడు. కంప్యూటర్లో 'ఆఫీసు' అనే ఫోల్డరు తెరిస్తే ఖాళీ. రోజూ అందులో కనిపించే కాగితాలన్నీ నిజానికి వెనక గదిలోని సర్వర్లో ఉంటాయనీ, దాన్ని చూసుకునే, మేమంతా దాదా (అన్న) అని పిలిచే బెంగాలీ ఆయన బందుకు ముందే ఆపేసి వెళ్ళాడనీ నా బుర్రకి తట్టలేదు. ఎవరో శుభ్రం చేశారని సంతోషించి, సాయంత్రం దాకా టైపు చేసి అన్నీ అందులోనే పెట్టాను.

మర్నాడు చూస్తే ఫోల్డరు నిండా పాత కాగితాలు. నావి ఒక్కటీ లేవు. దాదాని అడుగుదామంటే అతనూ యూనియనే, బందునాడు పని చేశానని ఏ మొహంతో చెప్పను? మధ్యాహ్నం ఇంటికొచ్చి చెబితే అయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నా నోరు మంచిది కాదురా" అంటూ లేచి, చెయ్యి కడుక్కుని, నాతో వచ్చేశాడు. ఎవరి ముందూ తల వంచని మనిషి దాదా ముందు చేతులు కట్టుకుని, వచ్చీరాని బెంగాలీలో, "మావాడు నిన్న పనికొచ్చాడు. నేను శపించాను, పోయింది. ఒక్కసారి చూడు దాదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

దాదా నన్ను చూసి "ఛీ ఛీ, బందునాడా!" అన్నాడు గానీ, అయ్యని "కాకా" అని కూర్చోబెట్టాడు. తెర మీద నెట్‌వర్క్ డ్రైవు బొమ్మని నొక్కి 'అన్‌మౌంట్' అని సర్వరుని విడదీశాడు. ఉన్న కాగితాలు కూడా మాయమయ్యాయి. (నా ప్రాణం సగం పోయింది.) మళ్ళీ 'ఆఫీసు' తెరిస్తే నావన్నీ అక్కడే ఉన్నాయి! "ఉత్త నేల మీద గింజలు పోశావు. పొద్దున్న నేను సర్వరు పెట్టాను, వాటి మీద చాప పడింది. గింజలెక్కడికి పోతాయి?" అంటూ వాటిని పక్కకి తీసి, డ్రైవు మళ్ళీ తగిలించి, అందులో వేశాడు.

బయటికొచ్చాక అయ్య ఆగాడు. "అయితే నా మాట వల్ల కాదు గదా?"

"కాదయ్యా, సర్వరు."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు నిటారుగా నిలబడి బీడీ వెలిగించాడు. "అయినా బందునాడు సేసిన పని. దాక్కోక ఏటి సేస్తాది?"

ఉద్యోగం ఖాయమైంది. తరువాతి బందునాడు చెప్పులేసుకుని, ఆయన తిట్టగానే దీటుగా చెప్పడానికి జవాబు కూడా తయారు చేసుకుని బయల్దేరాను. (ఎంత పెద్దమనిషిననుకున్నానో అప్పుడు!) గుమ్మంలో కూర్చున్న అయ్య కాళ్ళు పక్కకి తీసి దారి ఇచ్చాడు. పెదవులు గట్టిగా బిగించుకుని వీధిలోకి చూస్తున్నాడు. తిట్టి ఉంటే వెళ్ళిపోయేవాణ్ణే. చెప్పులు విడిచి ఆయన పక్కన కూర్చున్నాను.