దారంతో కొలిచిన పారిస్

మా పక్కింటి మామ పోయారు. మొన్న తెల్లారి కాఫీ అడిగి, అది చల్లారేలోగా కన్నుమూశారట. మా ఉప్పళం పేటలో అందరూ ఆయన్ని మంచివాడనే అంటున్నారు. అననీండి. పోయినవాళ్లను తిట్టకూడదంటారు గానీ, నేను ఆయన బతికుండగా ముఖం మీదే అనేశాను. ఇప్పుడు కొత్తగా దాచేదేముంది?

ఆయనది బజారులో బట్టల కొట్టు. గల్లాపెట్టె పక్కన ఒక గ్లోబు ఉండేది. జన్మలో ఒక్కసారి పారిస్ వెళ్లొచ్చారు. ఇక ఊళ్లో ఎవరు విమానం ఎక్కాలన్నా ముందు ఆయన కొట్టు మెట్లు ఎక్కాల్సిందే. ఆ గ్లోబులో చెన్నై మీద దారం కొస అదిమిపెట్టి, పారిస్ దాకా లాగి, పుటుక్కున తెంపేవారు. "ఏంది భయం? ఇంతే దూరం. పది గంటలు కండ్లు మూసుకుంటే వచ్చేస్తాది" అనేవారు. అక్క పెళ్లయి పారిస్ వెళ్తున్నప్పుడు, ఏడుస్తున్న అమ్మ చేతిలో ఆ దారం ముక్క పెట్టారు. అమ్మ దాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది. ఆ ఒక్కదానికి ఆయనకు దండం పెడతాను.

అమ్మ పోయిన రోజు, మేం కొత్తగా కొన్న సెల్లుకి అక్క పారిస్ ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసింది. "రేపు తెల్లవారకముందే చెన్నైలో దిగతా. అమ్మను ఎత్తబాకండి."

నాన్న లేని ఇంట్లో మామదే పెద్దరికం. ఆయన వేళ్లు మడిచారు. "అది పారిస్ టైము పాపా. మన టైముకు ఇంకో నాలుగున్నర గంటలు కలపాల. ఆడనించి మళ్లా కారు. మధ్యాహ్నమవతాది, అందాకా పెట్టుకోలేం. పొద్దున్నే రాహుకాలం ముందర ఎత్తేద్దాం."

"టికెట్లో వేసేది దిగే ఊరి టైమే కదా మామా?" అన్నాను.

"నువ్వు పోయొచ్చినావా, నేను పోయొచ్చినానా? నా కణక్కు తప్పదు" అని, తన లెక్కకు తిరుగులేదన్నట్టు కసిరారు. విమానం మెట్టు ఎక్కని ఆడపిల్ల మాట ఎవరు వింటారు!

పొద్దున్నే అమ్మను తీసుకెళ్లిపోయారు. ఆడవాళ్లం ఇల్లు కడుగుతున్నాం. నేను గడప మీద బకెట్టు నీళ్లు కుమ్మరిస్తుండగా టాక్సీ ఆగింది. అక్క తడి గడపను చూసింది, నన్ను చూసింది.

"అమ్మ యాడే?" అంది.

శ్మశానం నుంచి తిరిగొచ్చి ఆ మహానుభావుడు ఏమన్నారో తెలుసా? "ఫ్లైటు ముందరే వచ్చేసినట్టుండాది." అంతే! తప్పయిందన్న మాట ఆ రోజూ రాలేదు, తరువాతా రాలేదు.

మొన్న ఆయన పోయిన కబురు అందగానే ఆయన కూతురూ పారిస్ నుంచే బయల్దేరింది. పెద్దమనుషులు మళ్లీ వేళ్లు మడిచారు, రాహుకాలం మాట ఎత్తారు. నేను వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చున్నాను. "ఆ పిల్ల వచ్చిందాకా ఈ ఇంట్లో బకెట్టు ఎవురూ ముట్టుకోబాకండి" అన్నాను. మామ మీద ప్రేమతో కాదు. ఆయన్ని నేను క్షమించలేదు, క్షమించను.

కారు ఆగగానే పక్కకు జరిగాను. ఆ అమ్మాయి పొడి గడప దాటి, "నాయనా" అంటూ లోపలికి పరుగెత్తింది.