బాయి కాడి సైకిల్ స్టాండు

కుట్టుమిషన్‌కు నూనె వేసే రోజున నేను ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడను. పొడుగు ముక్కున్న చిన్న డబ్బా అది, అడుగున బొటనవేలితో నొక్కితే టక్కుమని ఒక్క చుక్క జారుతుంది. ఆ వాసన తగిలితే చాలు, మందమర్రిలో మా క్వార్టరు ముందర ఆదివారం పొద్దున గోనెసంచి మీద తలకిందులుగా నిలబెట్టిన బాపు సైకిల్ కళ్ల ముందుకొస్తుంది, దాని వెనకే భయం లేస్తుంది. "మిషన్‌తోని పంచాయితీ అయిందా అత్తమ్మా" అని మా కోడలు నవ్వుతుంది. అయిందనే చెప్తాను, అరవై ఏళ్ల కింది సంగతి దానికేం చెప్పను?

మా బాపుది హుజూరాబాద్ దగ్గర మగ్గం నేసే ఇల్లు. మగ్గం మీద కడుపు నిండక బొగ్గుగనిలో చేరాడు. మా దిక్కు గనిని బాయి అంటారు, బాయికి పోయిండంటే నీళ్లకు పోయిండని ఎవరూ అనుకోరు. ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్న పిచ్చంతా సైకిల్ మీదే. అది కొనడానికి కరీంనగర్ పోయి మూడు దినాలు దుకాణాలన్నీ తిరిగాడు. వేలికున్న ఇత్తడి ఉంగరంతో కమ్మీని కొట్టి చెవి ఆనించి విన్నాడు, గొట్టాలు కలిసే అతుకుల మీద గోరు పెట్టి లాగి చూశాడు, చక్రాన్ని తిప్పి అది దానంతటది ఆగేదాకా కూర్చున్నాడు. దుకాణందారు ఇరవై నాలుగు ఇంచీల పెద్ద బండి తీసుకుంటే మనిషికి దర్జా ఉంటుందని ఎంత చెప్పినా వినకుండా ఇరవై రెండుదే పట్టుకున్నాడు. "దర్జా ఏం జేసుకుంట, ఆగినప్పుడు కాలు నేలకు ఆనాలె గద" అన్నాడట. రైల్లో వేస్తే గీతలు పడతాయని రెండు దినాలు తొక్కుకుంటూ, గోదావరి దగ్గర పడవెక్కించి, వాన పడితే తన తువ్వాల సీటుకు కప్పి తాను తడిసి ఇంటికి తెచ్చాడు. "నన్ను తోలుకొచ్చినప్పుడు గింత పైలంగ తేలే" అని మా అవ్వ ఆ మాట ఏడాది దాకా వదలలేదు.

తెచ్చిన తర్వాత దాన్ని సింగారించడం ఇంకో కథ. చెయిన్‌కు నిండు డబ్బా మూత వేయించాడు, బాయి కాడి బొగ్గుపొడి పళ్లలోకి పోతే చెయిన్ ఆరునెలలు కూడా ఉండదని. క్యారియర్ లావు కమ్మీలది, బస్తా వేసినా వంగనిది. సీటు కింద స్ప్రింగులు, ముందర డైనమో లైటు, చక్రాల నడుమ ఇరుసుకు మురికి తుడవడానికి రంగురంగుల కుచ్చు పూలు. గంట విషయంలో మాత్రం ఎవరి మాటా వినక, లారీవాడికి కూడా వినపడే పెద్ద ఇత్తడి గంట బిగించాడు. అన్నిటికంటే మించింది నడిమి కమ్మీ. ఇంటినుంచి తెచ్చిన నీలం, పసుపు నూలును ఆ కమ్మీ పొడవునా వరుస తప్పకుండా బిగించి చుట్టాడు, మగ్గం పని మరిచిపోని చేతులు కదా, చుట్టినట్టు కాక నేసినట్టు ఉండేది. వెయ్యి సైకిళ్లలో ఉన్నా మా సైకిల్ అల్లంత దూరం నుంచి తెలిసిపోయేది. ఆ తెలిసిపోవడమే తర్వాత నా ప్రాణానికి వచ్చింది.

మా గోడ పక్క క్వార్టరు లచ్చయ్య కాకది. బాపుతో ఒకే షిఫ్టు, ఒకే చోట పని. నెత్తి దువ్వుకోడు, సైకిల్ తుడుచుకోడు, మనిషి మాత్రం పిల్లల్ని చూస్తే జేబులోంచి పుట్నాలు తీసేవాడు. ఆయన సైకిల్ వస్తుంటే కిర్రుకిర్రున క్వార్టర్ల లైన్లు రెండు దాటి వినపడేది. ఆదివారం బాపు తన సైకిల్ అయ్యాక దాన్ని కూడా తలకిందులు చేసి నూనె వేసేవాడు. "నాకు ఫికర్ లేదే అన్న, నీకెందుకు" అని కాక అంటే, "పక్కన నిలబడేది గిట్ల ఏడుస్తుంటే నా బండి ఇజ్జత్ పోతది" అనేవాడు. బాయి కాడి స్టాండులో ఆ రెండూ పక్కపక్కనే, ఒకదాని హ్యాండిల్ ఇంకోదానికి ఆనించి పెట్టేవాళ్లు. కాక సైకిల్ స్టాండు స్ప్రింగు తెగిపోయి, సొంతంగా నిలబడేది కాదు.

నాకు కైంచీ తొక్కడం బాపే నేర్పాడు. కమ్మీ కిందినుంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ తొక్కడమన్నమాట. ఆడపిల్లకు సైకిలేందని లైన్లో ఆడవాళ్లు మూతులు తిప్పినా ఆయన పట్టించుకోలేదు. ఎండాకాలం పొద్దున, మోదుగుపూలు రాలి నేలంతా ఎర్రగా ఉన్న మైదానంలో ఆయన వెనక పరుగెత్తుకుంటూ, ముందు బ్రేకు ఒక్కదాన్నే పట్టొద్దని, చూపు చక్రం మీద కాదు, బాట మీద ఉండాలని చెప్తుంటే నాకు లోకంలో భయమన్నదే లేదనిపించేది. మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొస్తే చిన్నవ్వ, అంటే కాక భార్య పోశవ్వ, పసుపు అద్ది సత్తుపిండి ముద్ద చేతిలో పెట్టేది.

ఇక భయం సంగతి. షిఫ్టు మారేటప్పుడు మూడు పూటలా సైరన్ కూసేది, దాన్ని బట్టే మేము బడికి పోయేవాళ్లం, అన్నం తినేవాళ్లం. వేళ కాని వేళ కూసిందంటే బాయి లోపల పైకప్పు బండ విరిగిపడ్డట్టు. అప్పుడు లైన్లలో ఆడవాళ్లందరూ పొయ్యి మీదివి పొయ్యి మీదే వదిలి, చంకన పిల్లలతో బాయి దిక్కు పరుగెత్తేవాళ్లు. గేటు దగ్గర పొద్దుపోయేదాకా ఎవరూ ఏమీ చెప్పరు. అందుకని అందరూ పోయేది గేటుకు కాదు, దాని పక్కన రేకుల కింద ఉన్న సైకిల్ స్టాండుకు. బయటపడ్డ మనుషులు ఒక్కొక్కరే వచ్చి తమ సైకిల్ తీసుకునేవాళ్లు. కమ్మీల కంచె పట్టుకుని ఆడవాళ్లు తమ సైకిల్ కోసం చూసేవాళ్లు. అది అక్కడ లేకపోతే మనిషి పైకొచ్చినట్టు, ఉంటే ఇంకా లోపలున్నట్టు. ఒకసారి మా వెనక లైన్లో ఒకాయన సైకిల్ పదకొండు దినాలు అక్కడే ఉండిపోయింది. సీటు మీద బొగ్గుపొడి మందంగా పేరుకున్నా దాని మీద వేలితో గీత గీయడానికి కూడా పిల్లలెవరికీ ధైర్యం కాలేదు. చివరికి వాళ్ల తమ్ముడొచ్చి ఎడ్లబండి మీద వేసుకుపోయాడు. అట్లాంటి సైకిల్‌ను తొక్కుకుంటూ ఇంటికి తీసుకుపోరు.

అప్పటినుంచి నాకు సరిగా నిద్రలేదు. బాపు ఇంటికొచ్చేటప్పుడు మూల మలుపు దగ్గర గంట రెండుసార్లు కొట్టేవాడు, అది వినపడేదాకా అవ్వ కూర్చునేది కాదు, నేను అన్నం మింగేదాన్ని కాదు. పదేళ్ల బుర్రకు ఒక లెక్క తోచింది. సైకిల్ స్టాండులో ఉంటేనే కదా మనిషి లోపల ఉన్నట్టు, సైకిల్ లేకపోతే బాపుకు ఏమీ కాదు. దీన్ని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్తే పని చేయదేమోనని.

బతుకమ్మ దినాలు. తంగేడు పూల కోసం పిల్లలం బాయి పక్క పొదల్లో తిరుగుతున్నాం. ఎండ నెత్తి మీదికి ఇంకా రాలేదు. సైరన్ కూసింది. తోటి పిల్లలు ఇళ్ల దిక్కు పరుగెత్తారు, నేను స్టాండు దిక్కు పరుగెత్తాను, ఒడిలో పూలు ఎక్కడ పడ్డాయో తెలియదు. స్టాండు కాపలా తాత గేటు దగ్గరికి పోయి ఉన్నాడు. కంచెలో సందు చూసుకుని దూరాను. నీలం పసుపు కమ్మీ అక్కడే ఉంది, కాక సైకిల్ దాని మీద ఒరిగి ఉంది. రెండింటి బ్రేకులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. ఎంత గుంజినా రావు. కాలితో తన్ని, రెండు చేతులా గుంజితే మాది వచ్చేసింది, కాకది ధనేల్మని కింద పడింది. దాన్ని లేపుదామని ఒక్క క్షణం అనిపించింది. ఆడవాళ్ల కేకలు దగ్గరికొస్తున్నాయి. లేపలేదు. మా సైకిల్‌ను తోసుకుంటూ తంగేడు పొదల వెనక్కి పోయి, దాన్ని పట్టుకుని కూలబడ్డాను.

పొదల సందులోంచి అంతా కనిపించింది. అవ్వ వచ్చింది, కంచె పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది, మళ్లీ చూసింది. ముందు నవ్వింది. పక్కనున్న చిన్నవ్వను చూసి వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. "వచ్చినట్టున్నడు పోశవ్వా, ఇంటికాడ జూసి ఇప్పుడే వస్త" అంటూ వెనక్కి పరుగెత్తింది. చిన్నవ్వ కింద పడ్డ సైకిల్ ఎదురుగా మట్టిలో చతికిలపడి కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఉరికి ఉరికి అలసిందనుకున్నాను.

నా భయం అప్పుడు రెండింతలైంది. సైకిల్‌ను పెట్టేద్దామంటే బాపు లోపలే ఉండిపోతాడు. పెట్టకపోతే అవ్వ ఇంట్లో నీళ్లు కాగబెట్టుకుని ఎదురుచూస్తుంటుంది. పరికిణీ తడిసిపోయి, పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నాను. చివరికి ఇక ఆగలేక సైకిల్‌ను ఇంటిదాకా తోసుకుపోయాను. మూల మలుపు దగ్గర చక్రం రాయి ఎక్కి దిగింది, గంట మోగింది. అవ్వ నీళ్ల చెంబుతో నవ్వుకుంటూ గడప దాటి వచ్చింది.

"బాపు ఏడే?"

"నేనే తెచ్చిన" అన్నాను.

కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. చెంబును గడప మీద జాగ్రత్తగా పెట్టి, సైకిల్‌ను తలనుంచి తోకదాకా చూసి, పొద్దున కట్టిన కొప్పు ఊడిపోతుండగా వచ్చిన బాటనే పరుగెత్తింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ మరపు రాదు.

పొద్దు గుంకుతుండగా బాపు నడుచుకుంటూ వచ్చాడు. ఒక భుజం వాచిపోయి ఉంది, కళ్లు తప్ప అంతా నలుపు. బండకు ఆవల చిక్కుకున్న ఆయన్ను తవ్వి తీశారు. బండ కింద ఉన్న కాకను కూడా తీశారు, కానీ ఆయన నడిచి రాలేదు. మూడోనాడు బాపు కాక సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ తెచ్చి, తలకిందులు చేసి, నూనె వేసి, తుడిచి చిన్నవ్వ వాకిట్లో పెట్టాడు. మా సైకిల్‌ను ఆ తర్వాత స్టాండులో ఒంటరిగా ఒక చివరన పెట్టేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అవ్వ మాత్రం సైరన్ కూస్తే మళ్లీ ఎన్నడూ స్టాండు దిక్కు చూడలేదు, నేరుగా గేటుకే పోయేది.

కాక సైకిల్‌ను కూడా గుంజుకొచ్చి ఉంటే ఆయన బతికేవాడని ఎన్నేళ్లు అనుకున్నానో చెప్తే నవ్వుతారు. రెండు సైకిళ్లు తోసే బలం నాకు లేదు కదా అని నాకు నేనే జవాబు చెప్పుకునేదాన్ని. పెద్దయ్యాక ఆ భయం పోయింది. బాపు చివరి రోజుల్లో ఒక మాట చెప్పి ఇంకో భయం పెట్టిపోయాడు. "లచ్చయ్య జప్పున పోలే బిడ్డా. బండ కిందికెల్లి పగటిలి బువ్వ యాల్ల దాక నాతోని ముచ్చట బెట్టిండు. పోశవ్వ బయట నిలబడి ఎదురుజూస్తుంటది, జల్ది తవ్వుమను అన్నడు."

బాపు పోయాక జమ్మికుంటలో కొడుకు దగ్గరున్న చిన్నవ్వను చూడ్డానికి పోయాను. సైకిల్ పడేసింది నేనేనని చెప్పి రావాలనే పోయాను. ఆమె నా చెయ్యి వదలకుండా పట్టుకుని తనే ఎత్తుకుంది. "అందరికి గేటు కాడ జెప్పిండ్రు, నాకు సైకిల్ జెప్పింది బిడ్డా. గన్ని సైకిళ్లల్ల మా ఆయిన సైకిల్ ఒక్కటే నేల మీద పండుకున్నది. గా మూగదానికి గూడ ఎరుకైంది, ఆయిన ఎంబడి పడ్డది. గప్పుడే ఆశ ఇడిసిన. గది జూడకపోతే పొద్దుగూకే దాక పరేషాన్ అయ్యి సచ్చేదాన్ని."

కాక లోపల ఆమె పేరు తలుచుకుంటున్న వేళకే ఆమె బయట ఆయన్ను పోగొట్టుకుని కూర్చుంది, నేను పడేసిన సైకిల్‌ను చూసి. మాట నోటి దాకా వచ్చింది. ఆ ముసలి ముఖంలో అన్నేళ్లుగా నిలబడ్డ ఓదార్పు అదొక్కటే. "అవును చిన్నవ్వా" అన్నాను. ఆమె పెట్టిన సత్తుపిండి ముద్ద తిని, బస్సెక్కి వచ్చేశాను.

ఆమె పోయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆ బాయి మూతపడింది, స్టాండు రేకులు ఎవరో పీక్కుపోయారు, అక్కడ సర్కారు తుమ్మలు మొలిచాయి. మూల మలుపున రెండుసార్లు మోగే గంట లేదు, దాని కోసం నిలబడే ఆడవాళ్లూ లేరు. బాపు నూలు చుట్టిన సైకిల్ పాత ఇనుముకు పోయింది. మా వీధిలో పిల్లలు సైకిళ్లు ఎక్కడివక్కడ పడేసి ఆటకు పోతారు. మోకాళ్లు సహకరించకపోయినా వంగి ఒక్కొక్కటే లేపి గోడకు ఆనించి వస్తాను. వాళ్ల తల్లులు చూడకముందే.